మతానికి పోస్ట్‌మోడర్నిజం పూచీ ఇవ్వలేదు

"అంతిమ సత్యమంటూ ఏదీ లేదని మీ పాశ్చాత్యులే ఒప్పేసుకున్నారు కదండీ! ఇక మా పురాణాన్ని కట్టుకథ అనడానికి మీరెవరు?"

ఒక పుస్తకావిష్కరణ సభలో ప్రవచనకారుడొకాయన అన్న మాట ఇది. చప్పట్లు మోగాయి. తర్వాత మైకు అందుకున్నది హేతువాద ఉద్యమంలో జీవితమంతా తిరిగిన పెద్దాయన. గట్టిగా ఖండిస్తాడనుకున్నాను. ఆయన తలూపి, "నిజమే, ఇదంతా పోస్ట్‌మోడర్నిజం పుణ్యమే. హేతువును గద్దె దింపి మతానికి మళ్ళీ పట్టం కట్టింది" అన్నాడు. ఆయనకూ చప్పట్లే. ఒకాయన దండం పెట్టాడు, ఇంకొకాయన శాపం పెట్టాడు. అసలు విషయం దగ్గరికొచ్చేసరికి ఇద్దరిదీ ఒకటే మాట. ఒకే పొరపాటును చెరో కొసా పట్టుకుని లాగుతుంటే, కింద కూర్చున్న మేమంతా దాన్ని వాదోపవాదం అనుకున్నాం.

ఈ మాట నిన్న మొన్నటిది కాదు. 'నీలిమేఘాలు' (1993), 'చిక్కనవుతున్న పాట' (1995), 'జల్‌జలా' (1998) సంకలనాలు వచ్చిన రోజుల్లోనే స్త్రీవాద, దళిత, ముస్లింవాద కవిత్వాల మీద "పోస్ట్‌మోడర్న్" అని ముద్ర వేసి, ఈ దారి తిరిగి తిరిగి మతం గుమ్మంలోకే పోతుందని జోస్యం చెప్పినవాళ్ళున్నారు. జోస్యం ఫలించిందా లేదా అని వెనక్కి తిరిగి చూసినవాళ్ళు తక్కువ. మాట మాత్రం చెలామణిలో ఉండిపోయింది.

ఖండించే ముందు ఆ వాదనను దాని పూర్తి బలంతో చెప్పడం న్యాయం. అది ఇలా సాగుతుంది. ఆధునికత హేతువును న్యాయమూర్తిగా కూర్చోబెట్టి మతాన్ని బోనెక్కించింది. పోస్ట్‌మోడర్నిజం వచ్చి, ఆ న్యాయమూర్తి కూడా ఒక పక్షం మనిషేనంది, సైన్సు కూడా ఒక కథనమేనంది. న్యాయమూర్తి లేని కోర్టులో అందరి సాక్ష్యమూ సమానమే కాబట్టి ఖగోళశాస్త్రం పక్కనే జాతకం కుర్చీ వేసుకుంది. రుజువులు కూడా చూపిస్తారు. ఫ్రెంచి తత్వవేత్త ఫూకో 1978లో ఇరాన్ వెళ్ళి అక్కడి మతవిప్లవాన్ని మెచ్చుకుంటూ రాశాడు. తోటి ఫ్రెంచి తత్వవేత్త డెరిడా చివరి దశలో ప్రార్థన గురించి, విశ్వాసం గురించి పుస్తకాలు రాశాడు. మన దేశంలో 'వేద విజ్ఞానం' పేరుతో నడుస్తున్న తతంగానికి రక్షణగోడ కూలగొట్టి దారి ఇచ్చింది ఈ తత్వాన్ని దిగుమతి చేసుకున్న మేధావులే. ఈ చివరి అంశాన్ని అందరికన్నా గట్టిగా వాదించినవారు మీరా నందా. జీవశాస్త్రం చదివి తత్వశాస్త్రంలోకి వచ్చిన ఆమె 2003లో ప్రచురించిన 'ప్రాఫెట్స్ ఫేసింగ్ బ్యాక్‌వర్డ్' కోపంతో, శ్రమతో రాసిన పుస్తకం. దాన్ని చదవకుండా తిట్టేవాళ్ళూ, చదవకుండా ఉదహరించేవాళ్ళూ మన దగ్గర సమానంగానే ఉన్నారు.

ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. 1996లో అలెన్ సోకల్ అనే భౌతిక శాస్త్రవేత్త కావాలని ఒక అర్థంలేని వ్యాసం అల్లి 'సోషల్ టెక్స్ట్' పత్రికకు పంపితే, సంపాదకులు దాన్ని గంభీరంగా అచ్చేసుకుని నవ్వులపాలయ్యారు. పోస్ట్‌మోడర్న్ కళ్ళంలో పొల్లు ఎంత ఉందో చెప్పడానికి ఆ ఒక్క ఉదంతం చాలు. ఆ పొల్లుకు నేను వకాల్తా పుచ్చుకోను. మతం తిరిగిరావడానికి కారణం ఆ కళ్ళమేనన్న తీర్పును మాత్రం ఒప్పుకోను.

1. న్యాయమూర్తి బదిలీ అయితే ముద్దాయి విడుదలా?

ఫ్రెంచి తత్వవేత్త లియొతార్ పుస్తకం 'ది పోస్ట్‌మోడర్న్ కండిషన్' 1979లో వచ్చింది. కెనడాలోని క్యూబెక్ ప్రభుత్వానికి సలహాలిచ్చే విశ్వవిద్యాలయాల మండలి అడిగితే, కంప్యూటర్ల కాలంలో జ్ఞానం గతేమిటన్న ప్రశ్న మీద రాసిచ్చిన నివేదిక అది. పవిత్ర గ్రంథమూ కాదు, పిచ్చి ప్రేలాపనా కాదు. మహాకథనాల మీద జనానికి నమ్మకం సడలిపోయిందన్నది అందులోని ప్రధాన పరిశీలన. మహాకథనం అంటే చరిత్రనంతా ఒకే దారానికి గుచ్చి, ఆఖరికి మానవజాతి ఫలానా చోటికి చేరుతుందని పూచీపడే కథ. ఆయన ఆ తర్వాత రాసినవాటితో కలిపి చూస్తే ఆ జాబితాలో జ్ఞానోదయం ఉంది, మార్క్సిజం ఉంది, పెట్టుబడి అందరికీ సంపద తెస్తుందన్న కథ ఉంది. ఆదిపాపం నుంచి విమోచన అనే క్రైస్తవ కథ కూడా ఉంది. మన విమర్శకులకు మొదటి మూడూ కనపడ్డాయి. నాలుగోది మాత్రం ఎందుకు కనపడలేదో వాళ్ళే చెప్పాలి.

అసలు మతాన్ని మించిన మహాకథనం ఇంకోటి ఉందా? సృష్టి నుంచి ప్రళయం దాకా ఏ గడియకు ఏం జరగాలో ముందే రాసిపెట్టి ఉంచేది అదే కదా! మహాకథనాల మీద అపనమ్మకం మొదలైతే ముందు తడబడవలసింది దాని కాళ్ళే.

"సత్యం లేదు" అనడం వేరు. "అంతిమ సత్యం నా దగ్గరే ఉందనే నీ హక్కుకు ఆధారమేమిటి?" అని అడగడం వేరు. పోస్ట్‌మోడర్న్ ఆలోచనలో గట్టిగా నిలిచే భాగం రెండోది. ఈ ప్రశ్న హేతువును అడిగారు కాబట్టి మతాన్ని అడగరనుకోవడం ఎక్కడి తర్కం? న్యాయమూర్తి మీద ఆరోపణ వచ్చి బదిలీ చేస్తే కేసు కొట్టేసినట్టు కాదు. ముద్దాయి బోనులోనే ఉన్నాడు, పక్క బోనులోకి న్యాయమూర్తి కూడా వచ్చి నిలబడ్డాడు, అంతే. పక్కింటి పిల్లవాడు పరీక్ష తప్పితే మనవాడు పాసైనట్టు మిఠాయి పంచుతామా?

అందరి సాక్ష్యమూ సమానమైపోయిందన్నదీ లియొతార్ చెప్పింది కాదు. ఒక్కో మాటల ఆటకు ఒక్కో నియమావళి ఉంటుందన్నాడు. అలాంటప్పుడు జాతకం ఖగోళశాస్త్రం మైదానంలోకి దిగితే అక్కడి నియమాల ప్రకారమే ఆడాలి, అక్కడే ఓడిపోవాలి. పెళ్ళిచూపుల్లో జాతకం ఏం చేస్తుందన్నది వేరే ఆట. రెండూ ఒకటేనని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు.

2. "అన్ని దారులూ ఒక్క చోటికే" అన్నది వేరే సరుకు

సత్యం ఒక్కటే, పండితులు పలు పేర్లతో పిలుస్తారన్న ఋగ్వేద భావాన్ని తెచ్చి, "పోస్ట్‌మోడర్నిజం మాకు కొత్తా?" అని మురిసిపోవడం ఒకటి బాగా అలవాటైంది. పేర్లు పలు, వస్తువు ఒకటి అన్నప్పుడు ఆ ఒక్క వస్తువు మీద ఎంత నమ్మకం ఉండాలి! పోస్ట్‌మోడర్నిజం అనుమానించేది సరిగ్గా ఆ ఒక్కదాన్నే. అన్ని నదులూ సముద్రంలో కలుస్తాయని చెప్పేవాడికీ, సముద్రం ఉందని నీకెలా తెలుసని అడిగేవాడికీ చుట్టరికం కలపడం గడుసుతనమే అవుతుంది గానీ తత్వం కాదు.

డెరిడా చెప్పింది మన నాగార్జునుడు ఎప్పుడో చెప్పేశాడన్నది దీని తోబుట్టువు. ఇద్దరినీ పోల్చిన పండితులు లేకపోలేదు, పోలికలో పస కూడా ఉంది. కానీ నాగార్జునకొండ పేరు తలుచుకుని ఛాతీ విరుచుకునేవాళ్ళు మరచిపోయే సంగతి ఒకటుంది. ఆ బౌద్ధాచార్యుడు సృష్టికర్తను ఒప్పుకోలేదు. ఏ వస్తువుకూ స్వంత స్వభావం లేదన్నాడు, చివరికి శూన్యతను కూడా ఒక సిద్ధాంతంగా పట్టుకు వేలాడవద్దన్నాడు. ఆయన్ని మతానికి సాక్షిగా పిలిస్తే సాక్ష్యం తిరగబడుతుంది.

3. విమానం ఎప్పుడు ఎగిరింది?

మీరా నందా వాదనలో తేదీలు కుదరవు. నా ప్రధాన అభ్యంతరం ఇదే కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుతాను.

దయానంద సరస్వతి ఆర్యసమాజాన్ని స్థాపించింది 1875లో. ఆ దశాబ్దంలోనే రాసిన వేదభాష్య భూమికలో ఆయన వేదాల్లో టెలిగ్రాఫునూ ఎగిరే యంత్రాలనూ చూపించాడు. ఆ యావను గురజాడ 'కన్యాశుల్కం'లో నవ్వి వదిలిపెట్టాడు. అగ్నిహోత్రావధాన్లు నోటి మాట ఏమిటో తెలుగు పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఆ నాటకం రెండో కూర్పు 1909లో వచ్చింది. లియొతార్ పుట్టింది 1924లో. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సుబ్బరాయ శాస్త్రి అనే ఆయన తనకు స్ఫురించిందంటూ చెప్పి రాయించిన 'వైమానిక శాస్త్రం' భరద్వాజ మహర్షి పేరుతో చెలామణి అయింది. 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఐదుగురు దాన్ని కూలంకషంగా పరిశీలించి, ఇది ప్రాచీన గ్రంథం కాదనీ, ఇందులోని విమానాలు ఎగరలేవనీ తేల్చారు. 'వేదగణితం' పుస్తకం 1965 నాటిది. ఇవన్నీ పారిస్‌లో ఎవరూ మహాకథనాల గురించి మాట్లాడకముందే జరిగాయి. తండ్రికన్నా కొడుకు నూరేళ్ళు పెద్దవాడని చెప్పే వంశవృక్షాన్ని ఎలా నమ్మాలి?

తేదీలకన్నా ముఖ్యమైనది భాష. వేద విజ్ఞానవాది "సైన్సు కూడా ఒక కథనమే" అంటున్నాడా? ఒక్కసారి చెవిపెట్టి వినండి. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన ఇండియన్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి, కౌరవులు నూరుగురూ మూలకణాల, టెస్ట్‌ట్యూబు పరిజ్ఞానంతో పుట్టారనీ, రావణుడి దగ్గర ఇరవై నాలుగు రకాల విమానాలుండేవనీ చెప్పాడు. వేదిక సైన్స్ కాంగ్రెస్, పదాలు జీవసాంకేతిక శాస్త్రానివి. గాంధారి కడుపుకోతకు, నేతికుండల కథకు తనంతట తాను నిలబడే అర్హత లేదనీ, ప్రయోగశాల ముద్ర పడితేనే దానికి గౌరవమనీ ఆ మనిషి లోలోపల నమ్మాడు. దీన్ని హేతువు మీద తిరుగుబాటు అంటారా? హేతువు గుమ్మం ముందు సర్టిఫికెట్టు కోసం నిలబడ్డ క్యూ ఇది.

2001లో విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని బోధనాంశంగా ప్రవేశపెట్టాలనుకున్నప్పుడు యూజీసీ ఎంచుకున్న పేరు చూడండి: 'జ్యోతిర్విజ్ఞాన్'. జ్యోతిషం అని ఊరుకోలేదు, దానికి విజ్ఞానం తోక తగిలించారు. సంప్రదాయం అనో, ఇంకో రకం జ్ఞానం అనో అడిగి ఉంటే అప్పుడు పోస్ట్‌మోడర్నిజం మీద కేసు పెట్టవచ్చు. అడిగింది సైన్సు విభాగంలో గది. హైదరాబాదులో సీసీఎంబీని నెలకొల్పిన పుష్పమిత్ర భార్గవ మరికొందరితో కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళింది దీని మీదే.

అమెరికాలోనూ కథ ఇదే. బైబిలు సృష్టివాదులు "క్రియేషన్ సైన్స్" అన్నారు, అది కోర్టుల్లో నిలవకపోతే "ఇంటెలిజెంట్ డిజైన్" అని పేరు మార్చారు. 2005లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని డోవర్ పాఠశాలల కేసులో స్టీవ్ ఫుల్లర్ అనే సామాజిక శాస్త్రవేత్త వాళ్ళ తరఫున సాక్ష్యం చెప్పాడు. సైన్సును సామాజిక కోణం నుంచి చదివేవాడే కాబట్టి ఇది నా వాదనకు ఇబ్బందే, దాచను. కానీ ఆయన కూడా కోర్టులో చెప్పింది అది సైన్సేనని. జడ్జి ఒప్పుకోలేదు.

మీరా నందా చూసిన జబ్బు నిజమైనదే. మన మేధావుల్లో కొందరు సైన్సును తిట్టడమే ప్రజాపక్షం అనుకున్న మాటా నిజమే. జబ్బు ఎక్కడ పుట్టిందో చెప్పడంలో మాత్రం ఆమె ఎదురింటి తలుపు తట్టారు.

4. చేటలో బియ్యం, టీవీలో రాముడు

మా నాయనమ్మ మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతూ పాడుకునేది. గొంతు పెద్దది కాదు, చేట చప్పుడుకే సగం మునిగిపోయేది. లక్ష్మణదేవర నవ్వు, ఊర్మిళాదేవి నిద్ర ఆమెకు కంఠతా వచ్చు. పట్టాభిషేకం సభలో లక్ష్మణుడు ఊరికే నవ్వితే, అది తనను చూసేనని ఒక్కొక్కళ్ళూ తమ తమ గుట్టు తలుచుకుని ముడుచుకుపోవడం ఆమె పాడుతుంటే నాకు భలే సరదాగా ఉండేది. ఇంకో పాటలో శూర్పణఖ మారువేషంలో వచ్చి రావణుడి బొమ్మ గీయమంటుంది. సీత వాడి ముఖం ఎప్పుడూ చూడలేదు, చూసింది కాలి బొటనవేలే, అదే గీస్తుంది. మిగతాది శూర్పణఖ పూర్తిచేసి సీత కొంప ముంచుతుంది. ఆ పాటలో రాముడి మీద నాయనమ్మకు జాలి లేదు. పాట అయిపోయాక మాత్రం లేచి, చేతులు కడుక్కుని, ఆ రాముడికే దీపం పెట్టేది.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున్నే వీధి వీధంతా మా ఇంట్లోనే. అందరికన్నా ముందు కూర్చునేది నాయనమ్మే. హిందీ ముక్క రాకపోయినా టీవీ పెట్టెకు బంతిపూల దండ వేసి మరీ చూసేది. కొన్నాళ్ళకు ఆమె శూర్పణఖ పాట ఎత్తుకుంటే నేనే అన్నాను, "నాయనమ్మా, టీవీలో అలా లేదుగా" అని. ఆమె చేట చెరగడం ఆపి నా వంక చూసి, "లేదూ? అయితే నాకే సరిగా గుర్తులేదేమోరా" అంది. తర్వాత ఆ పాట నా చెవిన పడలేదు. నేను చేసిన పని ఇదని అర్థం కావడానికి నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఈ పాటల మీద వెల్చేరు నారాయణరావు రాసిన వ్యాసం, పౌలా రిచ్‌మన్ సంపాదకత్వంలో 1991లో వచ్చిన 'మెనీ రామాయణాస్'లో ఉంది. అదే పుస్తకంలో ఏ.కె. రామానుజన్ రాసిన 'త్రీ హండ్రెడ్ రామాయణాస్' కూడా ఉంది. రామకథకు ఒక్క మూలమూ మిగతావన్నీ నకళ్ళూ అనుకోవద్దనీ, ఒక్కో కథనం దానంతట అది నిలుస్తుందనీ, జైనుల కథలో రావణుడు రాక్షసుడే కాడనీ ఆయన ఓపిగ్గా చూపించాడు. పోస్ట్‌మోడర్న్ అన్న మాటకు సాహిత్యంలో ఏదైనా మేలైన అర్థం ఉంటే అది ఇదే. మూలప్రతి పెత్తనాన్ని ఒప్పుకోకపోవడం.

మరి దానికి మతరాజకీయం స్వాగత తోరణాలు కట్టిందా? పోస్ట్‌మోడర్నిజం మతానికి మిత్రుడైతే కట్టాలి కదా! 2008 ఫిబ్రవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయం చరిత్ర విభాగం మీద దాడి చేసి విధ్వంసం సృష్టించారు. రామానుజన్ వ్యాసాన్ని బీఏ పాఠ్యప్రణాళికలో పెట్టడమే నేరం. నలుగురు నిపుణుల సంఘంలో ముగ్గురు దానివల్ల నష్టం లేదన్నా, 2011 అక్టోబరులో విశ్వవిద్యాలయ అకడమిక్ కౌన్సిల్ దాన్ని తీసేసింది. "సత్యాలు అనేకం" అన్న మాట వినపడగానే కర్రలు పట్టుకొచ్చిన వాళ్ళను పోస్ట్‌మోడర్నిజం బిడ్డలంటున్నారు మన హేతువాద మిత్రులు. "సత్యాలు అనేకం కాబట్టి మా సత్యాన్ని ముట్టుకోవద్దు" అని సభల్లో చెప్పే ప్రవచనకారుడు ఆ అనేకంలో ఒక్కదాన్ని, బొటనవేలు గీసిన సీతను, తన వేదిక మీద పాడనిస్తాడా? అడిగి చూడండి.

నాయనమ్మ చేతిలో ఉన్నది భక్తి. టీవీ పెట్టెలోంచి వచ్చింది ఒకే కూర్పు, ఒకే బాణీ, దేశమంతటికీ ఒకే గంట. ఈ రెండింటినీ "మతం" అనే ఒకే గోతాంలో పోసేస్తే ఏది దేనికి శత్రువో ఎప్పటికీ తెలియదు. వందల రామాయణాలను ఒక్కటి చేసింది ఫ్రెంచి తత్వవేత్త కాదు. ప్రసార యంత్రాంగం, దానికి అధిపతి అయిన ప్రభుత్వం, దాని మీద రథం నడిపిన రాజకీయం. అన్నీ నికార్సయిన ఆధునిక సాధనాలు.

5. ఫూకో తప్పు, తూదే పార్టీ తప్పు

ఇరాన్ సంగతి దాటవేయకూడదు. ఫూకో 1978లో రెండుసార్లు అక్కడికి వెళ్ళి ఇటలీ పత్రిక 'కొరియెరె దెల్లా సేరా'కు వరస కథనాలు రాశాడు. రాజకీయాల్లో ఒక కొత్త ఆధ్యాత్మికత కనబడిందని పొంగిపోయాడు. అప్పుడే ఒక ఇరానీ మహిళ ఫ్రెంచి పత్రికకు ఉత్తరం రాసి, దూరాన కూర్చుని మెచ్చుకునేవాళ్ళకు ఇది బాగానే ఉంటుంది, రేపు ముసుగు కప్పుకోవలసింది మేమని నిలదీసింది. ఆమె మాటే నిజమైంది. 1979 మార్చి 8న టెహ్రాన్ వీధుల్లో వేలాది మహిళలు నిర్బంధ హిజాబ్‌కు వ్యతిరేకంగా నడవాల్సి వచ్చింది. ఫూకోది ఘోరమైన పొరపాటు. ఏప్రిల్‌లో ప్రధాని బజర్గాన్‌కు బహిరంగ లేఖ రాసి నిరసన తెలిపాడు గానీ, తన తప్పును తప్పని నోరారా చెప్పలేదు. దాన్ని నేను కడగను.

అయితే దాన్ని పోస్ట్‌మోడర్నిజం ఖాతాలో వేసేవాళ్ళు ఇంకో ఖాతా కూడా తెరవాలి. ఇరాన్ కమ్యూనిస్టుల తూదే పార్టీ శాస్త్రీయ సోషలిజాన్ని నమ్మిన పార్టీ. దానికి మహాకథనాల మీద రవ్వంత అనుమానం కూడా లేదు. ఆ పార్టీ కూడా ఖొమేనీని సమర్థించింది. 1983లో ఆ ప్రభుత్వమే తనను నిషేధించి నాయకులను జైల్లో వేసేదాకా సమర్థిస్తూనే ఉంది. ఫూకో రాసింది కొన్ని పత్రికా వ్యాసాలు. తూదే ఇచ్చింది నాలుగేళ్ళ మద్దతు. హేతువును గద్దె దించినందుకే ఫూకో దారి తప్పాడంటే, దించనివాళ్ళు ఎందుకు తప్పినట్టు?

ఆ పొరపాటును పట్టుకునే పనిముట్టు కూడా ఫూకో పుస్తకాల్లోనే ఉంది. మందను కాసే గొల్లవాడిలా ఒక్కో మనిషి అంతరాత్మ మీదా నిఘా పెట్టే అధికారం క్రైస్తవ మఠాల్లో ఎలా పుట్టి ఆధునిక రాజ్యంలోకి ఎలా పాకిందో చూపించినవాడు ఆయనే. పాపాలు ఒప్పుకునే గదిని అంత కాఠిన్యంతో పరిశీలించిన పుస్తకం ఏ నాస్తికుడు రాశాడు? మఠాధిపతుల గురించీ, చర్చిల గురించీ, తలాక్ గురించీ మాట్లాడే మన హేతువాదులు ఆ పుస్తకాలు చదవకపోవడం వాళ్ళకే నష్టం.

6. డెరిడా ప్రార్థన

డెరిడా అల్జీరియా యూదు కుటుంబంలో పుట్టాడు. 1942లో, పన్నెండేళ్ళ వయసులో, యూదుడన్న కారణంగా బడి నుంచి గెంటేశారు. మతం అతనికి ఏమైందో అర్థం చేసుకోవాలంటే అక్కడ మొదలుపెట్టాలి. తనను అందరూ నాస్తికుడిగా లెక్కగడతారనీ అది సబబేననీ ఆయనే రాసుకున్నాడు. తన ఆలోచన మాటలకందని దేవుణ్ణి చెప్పే 'నేతి నేతి' బాపతు కాదని పనిగట్టుకుని వివరించాడు కూడా. ఆయన రాసిన ప్రార్థనకు వినేవాడున్నాడన్న హామీ లేదు. ఆ హామీ లేకుండా ప్రార్థన నేర్పే గుడి గానీ, మసీదు గానీ, చర్చి గానీ ఉంటే చెప్పండి, నేనూ వస్తాను.

ఇటలీ తత్వవేత్త వాత్తిమో లాంటివాళ్ళు ఈ దారినే క్రైస్తవానికి తిరిగి వచ్చిన మాట నిజం. కానీ ఏ క్రైస్తవానికి? పెత్తనం వదులుకున్న, అంతిమ సత్యం అడగని క్రైస్తవానికి. రోములోని చర్చి దాన్ని తన ఇల్లుగా ఒప్పుకోదు. క్రైస్తవ వేదాంతి జాన్ మిల్‌బ్యాంక్ బృందం చేసింది మరీ తమాషా. సెక్యులర్ హేతువును నరకడానికి పోస్ట్‌మోడర్న్ గొడ్డలి అరువు తెచ్చుకుని, పని అయ్యాక అదే గొడ్డలి తమ పెరట్లోకి రాకుండా గేటు మూసేశారు. అది గొడ్డలి తప్పా?

మతపెద్దలకు మాత్రం ఈ విషయం మనకన్నా బాగా తెలుసు. 2005 ఏప్రిల్ 18న, పోప్‌గా ఎన్నికవడానికి సరిగ్గా ఒక్క రోజు ముందు, కార్డినల్ రాట్జింగర్ తన ప్రసంగంలో ప్రధాన శత్రువుగా చూపించింది సాపేక్షవాదాన్ని. దాన్నొక నియంతృత్వమన్నాడు. అంతకుముందు, 1998లో, రెండో జాన్ పాల్ తన సందేశ పత్రంలో విశ్వాసానికి తోడుగా నిలబెట్టి కాపాడుకున్నది హేతువును. వాటికన్ ఎవరిని చూసి భయపడుతుందో, ఎవరితో చేతులు కలుపుతుందో ఇంత బాహాటంగా చెబుతుంటే, మనవాళ్ళు ఆ భయాన్ని స్నేహమని ఎలా చదివారు?

7. ఈ పొరపాటు ఎవరికి లాభం?

అసలు నేరస్థులకు. దేశంలో మతం బలిసింది తత్వశాస్త్ర తరగతుల్లో కాదు. ఎన్నికల లెక్కల్లో, టీవీ ఛానళ్ళ ప్రసారాల్లో, విరాళాలతో నడిచే బడుల్లో, ప్రభుత్వమే నడిపే ఉత్సవాల్లో. వీటన్నిటినీ వదిలేసి, తెలుగునాట ఐదొందల మంది కూడా చదవని ఫ్రెంచి పుస్తకాల మీద కేసు పెట్టడం వల్ల ముద్దాయిలు హాయిగా ఇంటికి పోతున్నారు. ఇంకోవైపు, ఈ వాదన ప్రతిసారీ ప్రవచనకారుడి చేతికి ఒక ప్రశంసాపత్రం అందిస్తోంది. ఆయన ఒక్క పేజీ చదవకుండానే "ప్రపంచ తత్వశాస్త్రం మా పక్షాన ఉంది" అనగలుగుతున్నాడంటే, దాని మీద సాక్షి సంతకం పెట్టింది హేతువాదే.

మూడో నష్టం హేతువాదానికే. త్రిపురనేని రామస్వామి చౌదరి 1920లో 'శంబుకవధ' రాసినప్పుడు చేసిన పని ఏమిటి? తలపోయినవాడి వైపు నుంచి కథను తిరిగి చదివాడు. ఓల్గా 'విముక్త'లో సీతను శూర్పణఖతో కలిపి కూర్చోబెట్టినప్పుడు జరిగిందీ అదే. ఈ చదువు మన హేతువాదపు సొంత ఆస్తి. దానికి ఫ్రాన్సులో ఇంకో పేరు పెట్టారని మన ఆస్తిని మనమే కాదనుకుని, వీధిలో పారేసి, ఎదుటివాడు ఎత్తుకుపోయాడని ఏడవడం ఎందుకు?

జ్యోతిషం కోర్సు మీద భార్గవ వేసిన వ్యాజ్యాన్ని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2001లో కొట్టేసింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2004 మేలో అక్కడా ఓడిపోయాడు. విశ్వవిద్యాలయంలో ఏం బోధించాలో తేల్చడం విద్యానిపుణుల పని, కోర్టుల పని కాదని తీర్పు. అందులో లియొతార్ పేరు లేదు, డెరిడా పేరు లేదు. సైన్సు పేరుంది.